డబ్బా అరవని రాత్రి

నా ఫోన్ నంబరు ఆరు వందల కంప్యూటర్లలో ఉంది. గొప్పకు చెప్పడం లేదు, మా పద్ధతే అంత. మేము నలుగురం కలిసి మొలక అనే లైనక్స్, అంటే కంప్యూటర్‌ను నడిపే ఉచిత వ్యవస్థ, తయారు చేస్తాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల బడుల్లో, ఎవరూ వద్దన్న పాత కంప్యూటర్ల మీద అది నడుస్తుంది. తెర మీద అన్నీ తెలుగులోనే కనిపిస్తాయి. వేరే ఊళ్ల లైనక్స్‌లలో ఏదైనా ప్రోగ్రాం చెడిపోతే ఇంటర్నెట్‌లో ఫారం నింపి ఫిర్యాదు రాయాలి. మా వైపు అలా ఎవరు రాస్తారు? ఫోన్ చేసి "ఏమ్మా, ఇది పని చేయలే" అంటారు. అందుకే మొదట్లోనే ఒక నియమం పెట్టుకున్నాం. ఏ ప్రోగ్రాంను ఎవరు ప్యాకేజీ చేస్తే, దాని చీటీలో వాళ్ల పేరూ ఫోన్ నంబరూ ఉండాలి.

ప్యాకేజీ చేయడమంటే ఏం చేయడమని మా అమ్మ పదేళ్లుగా అడుగుతోంది. ఎవరో రాసిన ప్రోగ్రాంను తెచ్చి, మన కంప్యూటర్లలో కుదురుకునేలా సర్ది, దేన్ని తీసేసి దేన్ని పెట్టాలో చెప్పే చీటీ రాసి అందరికీ పంపడం. అంతే. ప్రోగ్రాం నాది కాదు, చీటీ నాది.

నాకు కోపం ఎక్కువ. ఇది కూడా ముందే చెప్పేస్తున్నాను. మా చర్చిలో తబిత అనే పేరున్న వాళ్లు ముగ్గురున్నారు, అందులో కోపం తబిత అంటే నేనే. అయితే ఈసారి వచ్చిన కోపం ఇంకా దిగలేదు. దాంట్లో సగం నా మీదే కాబట్టి దిగుతుందన్న ఆశా లేదు.

క్యారీ అని ఒక పాత ప్రోగ్రాం ఉండేది. బొమ్మలు, బటన్లు ఏమీ ఉండవు. నల్లతెర మీద ఒక లైను టైపు చేస్తే చాలు, ఎక్కడో ఉన్న ఫైలును దించి తెచ్చి మన ముందు పెడుతుంది. ఇరవై ఏళ్లు నమ్మకంగా చాకిరీ చేసింది. దాన్ని రాసినవాళ్లు వయసైపోయి ఇక మా వల్ల కాదన్నారు. వేరేవాళ్లు ముందుకొచ్చి క్యారీ-2 అని మొదటినుంచీ మళ్లీ రాశారు. వేగం ఎక్కువ, భద్రత ఎక్కువ. క్రిస్మస్ ముందు వచ్చే మొలక కొత్త విడుదలలో పాతదాన్ని తీసేసి దీన్ని పెట్టాలని ప్రతాప్ పట్టుబట్టాడు. ప్రతాప్‌ది పుంగనూరు, అక్కడ కంప్యూటర్ సెంటర్ నడుపుతాడు. మొలక విడుదలలన్నీ అతని చేతి మీదుగానే జరుగుతాయి.

ప్యాకేజీ నా వంతుకు వచ్చింది. మూడు వారాలు కూర్చున్నాను. అది చూపించే సందేశాలన్నీ తెలుగులోకి మార్చాను. ఒక్కో మాటకు గంట ఆలోచించాను. ఫైలు దొరకకపోతే ఏమనాలి, దారి తెలియకపోతే ఏమనాలి, విసుక్కున్నట్టు ఉండకూడదు కదా అని ప్రతిదానికీ ముందు 'మన్నించండి' చేర్చాను. మర్యాద తెలిసిన ప్రోగ్రాం అని మురిసిపోయాను కూడా. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

చివరి వారంలో ఒక సంగతి కంటపడింది. క్యారీ-2కు ఎఫ్‌టీపీ రాదు. ఎఫ్‌టీపీ అంటే ఫైళ్లు ఇచ్చిపుచ్చుకునే పాత పద్ధతి, పాత క్యారీకి కొట్టినపిండి. కొత్తవాళ్లు అక్కర్లేదని వదిలేశారు. నేను ప్రతాప్‌కు ఫోన్ చేశాను.

"ఈ కాలంలో ఎఫ్‌టీపీ ఎవరు వాడతాండారు తబితా? గ్రూపులో అడుగు. రెండు రోజులు సూడు. ఎవరూ పలకలేదంటే లేనట్టే."

ఇది కూడా మా నియమమే. మొలక వాడేవాళ్ల వాట్సాప్ గ్రూపులో ప్రశ్న పెట్టాలి, నలభై ఎనిమిది గంటలు ఆగాలి. ఎవరూ కాదనకపోతే ఒప్పుకున్నట్టు లెక్క. నేను పెట్టాను. 'ఎవరైనా ఎఫ్‌టీపీ వాడుతున్నారా? క్యారీ-2లో ఉండదు. ఇబ్బంది ఉంటే చెప్పండి.' నూట పన్నెండు మంది చూసినట్టు రెండు నీలి టిక్కులు పడ్డాయి. ఒకరు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. ఇంకెవరూ కిమ్మనలేదు. విడుదల సభకు ముందే అన్ని కంప్యూటర్లకూ చేరేలా బుధవారం ప్యాకేజీ వదిలాను. క్యారీ అని పాత పేరు టైపు చేసినా క్యారీ-2 పలికేలా చీటీలో రాశాను. ఎవరి అలవాటూ మారనక్కర్లేదని, అదొక మంచి పని అనుకుని రాశాను.

సోమవారం పొద్దున, ఆసుపత్రి వెనక వీధిలో మా మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది.

"తబితమ్మేనా? డబ్బా మీద నీ నంబరుండాది."

"ఏ డబ్బా అక్కా?"

"ఏనుగుల డబ్బా. మాది రామకుప్పం అవతల, అడివి పక్కన. నా పేరు చెంగమ్మ, రెడ్డెప్ప పెండ్లాన్ని. నాకొక్క మాట సెప్పమ్మా. శనివారం రేత్రి ఆ డబ్బా అరిసిందా, అరవలేదా?"

నాకు తలా తోకా అర్థం కాలేదు. ఆమె ఏడవలేదు, గొంతు పెంచలేదు. పంటి బిగువున ఒక్కొక్క సంగతీ చెప్పింది.

వాళ్ల ఊళ్లో రాగి కోతకొచ్చే కాలంలో ఏనుగులు దిగుతాయి. అడవి అంచున ఒక కెమెరా పెట్టారు. చేలో మంచె మీద ఒక కంప్యూటరు, దానికో సైరను. ఏనుగు కెమెరా ముందుకొస్తే ఆ బొమ్మ మంచె మీది డబ్బాకు చేరుతుంది, డబ్బా అరుస్తుంది. ఇంటికొక రాత్రి చొప్పున వంతు. వంతు మనిషి మంచె మీద కూర్చుని, డబ్బా అరవగానే టపాకాయలు కాల్చి, రేకు డబ్బాలు వాయించి ఊరిని లేపాలి. సైరను మంచె దగ్గరే వినబడుతుంది, ఊళ్లోకి రాదు. శనివారం రెడ్డెప్ప వంతు. నాలుగు ఏనుగులు వచ్చాయి. చేలో పడ్డాక గానీ అతనికి తెలియలేదు. మంచె మీంచి దూకితే కాలు విరిగింది. కుప్పంలో కట్టు కట్టించుకొచ్చారు. ఐదు ఇళ్ల రాగి మట్టిలో కలిసిపోయింది.

"ఊరంతా ఒకే మాటంటాండారు. డబ్బా అరిసే ఉంటాది, రెడ్డెప్ప తాగి పడుకొన్యాడు అని. ఆయన తాగి ఆరేండ్లయింది. డబ్బా నాలుగేండ్లలో ఒక్కసారి తప్పలేదంట. పొద్దున పోయి సూస్తే పచ్చలైటు ఎలుగుతానే ఉండాదంట. మనిషి మాటకంటే లైటుదే గొప్పయిపాయ. వంతులు సూసే అంకయ్య పుస్తకంలో మా పేరు కొట్టేసినాడు."

"అంటే?"

"అంటే మా సేనికి ఎవురూ కాపలా ఉండరు, వాళ్ల సేనికి మమ్మల్ని రానీరు. కోతకు పిలిస్తే ఎవురూ రారు. నీళ్లకాడ పలకరించరు. అంటే అదమ్మా. ఆయన మేలుకొనే ఉండినాడని నేనొక్కదాన్నే అంటాండా. ఆయప్ప అది గూడా అనడంల్యా."

నేను కనుక్కుంటాను అక్కా అన్నాను.

"కనుక్కో. ఫోన్లో సెప్పొద్దు. వచ్చి సెప్పు."

ఆ డబ్బా పెట్టింది శాలేము రాజు సార్ అని అప్పుడు గుర్తొచ్చింది. మదనపల్లె బడిలో నాకు సైన్సు చెప్పారు. రిటైరయ్యాక ఆ ఊరికే, తన సొంత ఊరికి, వెళ్లిపోయారు. మొలక గ్రూపులో కుప్పం వైపు ఆయనే పెద్ద దిక్కు. వెంటనే ఫోన్ చేశాను.

"డబ్బాకేమీ కాలేదమ్మా. నిన్న గూడా సూసినా. పచ్చలైటు ఉండాది," అన్నారు.

"కెమెరాలోనించి బొమ్మ ఎట్లా తెచ్చుకుంటాండారు సార్?"

"నువ్వు చెప్పిన లైనే కదమ్మా. నాలుగేండ్ల కిందట ఫోన్లో చెప్పినావే. ఒక్క అక్షరం మార్చలేదు, నోట్సులో రాసి పెట్టుకొని ఉండా. చదవమంటావా?"

చదవమన్నాను. పుస్తకం తెచ్చుకుని క్లాసులో చదివినట్టు నిదానంగా చదివారు. "క్యారీ. ఖాళీ. ఎఫ్. టీ. పీ." అక్కడ ఆగిపోయారు.

"సార్, నేను గ్రూపులో అడిగినా కదా."

"అడిగినావమ్మా. చదివినా. ఎఫ్‌టీపీ అంటే పెద్ద ఆఫీసుల్లో సర్వర్లుంటాయే, ఆ యవ్వారం అనుకొంటి. మనది కెమెరా గదా అనుకొంటి." పుస్తకం మూసిన చప్పుడైంది. "తబితా, డబ్బా అబద్ధం చెప్పదని అంకయ్యతో చెప్పింది నేనేనమ్మా."

ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఎందుకు వస్తుంది? ఆ లైను చెప్పింది నేను. చెప్పి మరిచిపోయింది నేను. ఎవరైనా ఎఫ్‌టీపీ వాడుతున్నారా అని ఊరంతా అడిగి, వాడమని చెప్పిన నన్ను నేను అడుక్కోలేదు. బకెట్లో మిగిలిన బట్టలు అలాగే వదిలేసి లాప్‌టాప్ సంచిలో వేసుకుని బస్టాండుకు వెళ్లాను.

దారిలో పుంగనూరులో దిగాను. ప్రతాప్ కంప్యూటర్ సెంటర్లో ఫ్లెక్సీ బ్యానర్ పరిచి ఉంది. శుక్రవారం విడుదల సభ, అధికారులు వస్తున్నారు, బ్యానర్ మీద క్యారీ-2 గురించి కూడా ఒక ముక్క రాయించాడు. జరిగింది చెప్పాను. అతను బ్యానర్ మడత సరిచేస్తూనే విన్నాడు.

"అయ్యో పాపం. అయితే అది మన తప్పెట్లయితాది? ఆ స్క్రిప్టు రాసిన పద్ధతి తప్పు. ఫైలు రాకపోతే గట్టిగా చెప్పాల గదా. ఊరికే ఉంటే ఎట్లా?"

ఇందులో నిజం ఉంది. రాజు సార్ ఆ స్క్రిప్టులో, అంటే డబ్బా ఏం చేయాలో చెప్పే ఆదేశాల వరుసలో, ఒక పని చేశారు. మొదటి సంవత్సరం వానకు కెమెరా లింకు తెగినప్పుడల్లా సైరను మోగేది. పడుకున్నవాళ్లంతా లేచి పరుగెత్తి, ఏనుగూ లేదు పాడూ లేదని సార్‌ను తిట్టేవాళ్లు. అందుకని ఫైలు రాకపోతే ఏమీ లేనట్టే లెక్కేసుకుని ఊరుకోమని రాశారు. కానీ అదే మాట ప్రతాప్ నోట వినేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"మనమేం చేసినాము ప్రతాప్? రెండు రోజులు ఎవరూ పలకకపోతే ఏమీ లేనట్టే అనుకొన్యాము. ఆ డబ్బా చేసిందీ అదే కదా. డబ్బాను తప్పంటే మనల్ని ఏమనాల?"

"నువ్వు కోపంలో ఉండావు."

"ఉండా. పాత క్యారీని పాత పేరు మీద ఈ రోజే తిరిగి పెడదాం. క్యారీ-2ను క్యారీ-2 అనే పేరుతోనే పక్కన పెడదాం. కావల్సినోళ్లు వాడుకుంటారు."

"శుక్రవారం దాకా ఏదీ కదపకూడదు, నీకు తెలుసు గదా. సభ అయిపోనీ. ఆ ఊరోళ్లకు నెట్‌వర్క్ పోయింది అని చెప్పు. పోలేదని వాళ్లకు ఎట్లా తెలుస్తాది?"

"ఆ కెమెరాకూ డబ్బాకూ మధ్య నెట్‌వర్కే లేదు ప్రతాప్. బొమ్మల్ని నేరుగా పంపే వైఫై గిన్నె ఒకటుండాది, అంతే."

"అది వాళ్లకు తెలీదు గదా."

నేను ఆ బ్యానర్‌ను కాళ్లతో తొక్కుకుంటూ బయటికొచ్చాను. చెప్పులు కూడా విప్పలేదు. అంత చిన్నపని చేసి అంత తృప్తి పడినందుకు తర్వాత సిగ్గేసింది, కాస్త.

పలమనేరు బస్సులో వెనక సీటు దొరికింది. ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని ఫోన్ నెట్‌తో మొలక సర్వరుకు తగులుకున్నాను. ఎవరి ప్యాకేజీని వాళ్లు ఎప్పుడైనా మార్చుకునే హక్కు మాకుంది. విడుదలకు ముందు మార్చకూడదనేది కట్టుబాటు, తాళం కాదు. చీటీ మార్చాను. పాత క్యారీ పాత పేరు మీదికి వచ్చింది. ఎందుకు మార్చావు అని అడిగే గడిలో ఇలా రాశాను: 'నేను చేసిన తప్పు వల్ల ఒక మనిషి కాలు విరిగింది, పేరు పోయింది. తబిత.' బస్సు గంగవరం దాటేలోపు ప్రతాప్ నన్ను గ్రూపులోంచి తీసేశాడు.

ఇక అక్కడి నుంచి రామకుప్పం దాకా చేయడానికి ఏమీ లేదు. ఏం చెప్పాలా అని మాటలు కూర్చుకున్నాను. నెట్‌వర్క్ అన్న మాట నాకు కూడా ఒకట్రెండు సార్లు తలలో మెదిలింది. దాచను. చాలా సులువైన మాట అది. ఎవరినీ తిట్టదు, ఎవరినీ పట్టివ్వదు. రెడ్డెప్పను కూడా విడిపించేస్తుంది కదా అనిపించింది. కానీ చెంగమ్మ నన్ను అడిగింది ఒక్కటే. అరిచిందా, అరవలేదా, ఎందుకు అని. ఆమెకు అబద్ధం చెప్పి విడిపిస్తే రేపు ఇంకో ఊళ్లో ఇంకో మంచె మీద ఇంకొకడుంటాడు.

రాజు సార్ రోడ్డు దగ్గరికి స్కూటర్ మీద వచ్చారు. నల్లబడిపోయి ఉన్నారు. ఇద్దరం నేరుగా చేలోకి వెళ్లాం. రాగి చేను చూశాను. కంకులు మట్టిలో ఇంకిపోయి, ఏనుగు పాదం పడిన చోటల్లా నీళ్లు నిలిచి ఉన్నాయి. మంచె ఒక పక్కకు ఒరిగింది. డబ్బా మాత్రం చెక్కుచెదరలేదు. పచ్చలైటు వెలుగుతోంది. దాని మీద సార్ రాసి, ప్లాస్టిక్ కాగితంలో చుట్టి అతికించిన చీటీ, నా పేరు, నా నంబరు.

డబ్బా తెరిచి లాగ్ చూశాను. డబ్బా రెండు నిమిషాలకొకసారి తాను చేసిన పనిని తేదీ, గంటతో సహా రాసుకునే పుస్తకం లాంటిది లాగ్. గురువారం రాత్రి డబ్బా తన సిమ్ కార్డు నెట్‌తో తనంతట తానే కొత్త ప్యాకేజీ తెచ్చుకుంది. ఏనుగులు వచ్చిన రాత్రులు తప్ప అప్పటిదాకా ప్రతి వరుసలోనూ ఒకే మాట, 'క్షేమము'. అది రాజు సార్ పెట్టిన మాట. ఏ బొమ్మా రాకపోతే అలా రాసుకోమన్నారు. ఆయన చుట్టాలకు రాసే ఉత్తరాలన్నీ 'ఇక్కడ మేము క్షేమము' అనే మొదలవుతాయి, డబ్బాకు కూడా అదే నేర్పారు.

గురువారం రాత్రి నుంచి వరుసలు మారాయి. అక్కడి నుంచి ప్రతి వరుసలోనూ ముందు నేను తెలుగు చేసిన వాక్యం, దాని వెనక సార్ మాట.

'మన్నించండి, ఈ రకం చిరునామా నాకు తెలియదు. క్షేమము.'

రెండు నిమిషాలకొకసారి. శుక్రవారమంతా. శనివారమంతా. ఏనుగులు చేలో ఉన్నంతసేపూ. మంచె మీంచి మనిషి దూకినప్పుడూ. వాక్యం చాలా మర్యాదగా ఉంది. నాకు ఆ లాప్‌టాప్‌ను తీసి బండకు కొట్టాలనిపించింది. సార్ వంగి ఆ వరుసలు తనే మళ్లీ చదువుకున్నారు.

మూడు గంటలకు ఊళ్లోకి వెళ్లాం. చెంగమ్మ మమ్మల్ని చూసి ఇంట్లోకి రమ్మనలేదు. మంచినీళ్లు ఇవ్వలేదు. అరుగు మీద రెడ్డెప్ప కట్టు కట్టిన కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. యాభై ఏళ్లుంటాయి. మా వైపు చూడలేదు.

"అరిసిందా, అరవలేదా?" అంది చెంగమ్మ.

"అరవలేదక్కా. నా తప్పు."

"నాకు సెప్తే ఏమొస్తాది? నాకు ముందే తెలుసు. ఊరికి సెప్పు."

రాజు సార్ చర్చిలోకి వెళ్లి మైకు సెట్టు తెచ్చారు. క్రిస్మస్ పాటల కోసం అప్పటికే బాగు చేయించి పెట్టారు. ఊరి మధ్యలో, రెడ్డెప్ప ఇంటికి ఎదురుగా ఉన్న కరెంటు స్తంభం దగ్గర పెట్టి, గొంతు సవరించుకుని, అందరినీ రమ్మని పిలిచారు. ఆయన పిలిస్తే వస్తారు, సగం ఊరికి ఆయనే చదువు చెప్పించారు. పదిహేను నిమిషాల్లో యాభై మంది దాకా చేరారు. వంతుల పుస్తకం చంకలో పెట్టుకుని అంకయ్య ముందు నిలబడ్డాడు. ఆయన రాగి కూడా పోయింది, ఆ కోపం మొహంలో కనిపిస్తూనే ఉంది.

నేను చెప్పాను. ప్యాకేజీ అంటే ఏంటో, చీటీ అంటే ఏంటో మా అమ్మకు చెప్పినట్టే చెప్పాను. పాత పనివాడిని తీసేసి అదే పేరుతో కొత్తవాడిని పెట్టాననీ, వాడికి ఈ కెమెరా భాష రాదనీ, ఆ సంగతి నాకు ముందే తెలుసనీ చెప్పాను. తెలిసి కూడా ఎవరూ పలకలేదని ఊరుకున్నాననీ చెప్పాను.

అంకయ్య నమ్మలేదు. "లైటు ఎలుగుతాండాది గదమ్మా. నాలుగేండ్లు అరిసింది ఆ ఒక్క రేత్రే యాల అరవదు? వాడి పెండ్లాం పిలిపించి సెప్పిస్తాండాదేమో."

నా నోటికొచ్చిన మాట బయటికి రాకుండా పళ్లు బిగించాను. "నా మాట నమ్మొద్దప్పా. డబ్బా మాట నమ్ముతారు కదా. అదే చదువుతాను."

లాప్‌టాప్‌లోకి దించుకున్న లాగ్ తెరిచి మైకులో చదివాను. శనివారం రాత్రి పదకొండు గంటల నుంచి మొదలుపెట్టాను.

"పదకొండు గంటలు. మన్నించండి, ఈ రకం చిరునామా నాకు తెలియదు. క్షేమము. పదకొండు రెండు. మన్నించండి, ఈ రకం చిరునామా నాకు తెలియదు. క్షేమము. పదకొండు నాలుగు."

మొదట్లో ఎవరో నవ్వారు. పదో వరుసకు నవ్వు ఆగిపోయింది. ఇరవయ్యో వరుసకు ఒక ముసలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఒక్కటి కూడా వదలలేదు. వదిలితే వదిలినచోట అరిచిందేమో అంటారు. నేను రాసిన మర్యాదను నేనే ఊరి నడుమ నిలబడి చదువుకుంటూ పోయాను. పన్నెండు గంటలు. పన్నెండు రెండు. ఏనుగులు ఏ నిమిషంలో వచ్చాయో ఆ వరుసల్లో ఎక్కడా లేదు. అన్నీ ఒకేలా ఉన్నాయి.

పన్నెండు నలభై దగ్గర అరుగు మీంచి రెడ్డెప్ప చెయ్యెత్తాడు. నేను ఆపాను.

"ఆ పొద్దుకు మబ్బు తేలి సుక్కలు అగుపించినాయి," అన్నాడు. "నేను సూసినా. అందరూ అట్ల అంటాంటే, నిద్రలో సూసినానేమో అనుకొంటి. నేనే నిద్రబోయినానేమో అనుకొంటి." తన కాలి వైపు చూసుకున్నాడు. "అయితే నేను మేలుకొనే ఉండినా."

అంకయ్య వంతుల పుస్తకం తెరిచి జేబులో పెన్ను వెతుక్కున్నాడు. రాజు సార్ తన పెన్ను ఇచ్చారు. కొట్టేసిన పేరు కిందే అంకయ్య మళ్లీ రెడ్డెప్ప పేరు రాశాడు.

నాకు ఏడుపొచ్చింది. అంతకంటే ఎక్కువగా కోపమొచ్చింది. ఒక మనిషి తాను మేలుకుని ఉన్నానని తెలుసుకోవడానికి నా లాగ్ కావలసి వచ్చింది. మదనపల్లెలో మిద్దె మీద కూర్చుని మర్యాదగా మాటలు కూర్చిన నేను, అతను తన కళ్లనే అనుమానించేలా చేశాను. ఆ పొద్దున ఆమె ఫోన్ చేయకపోతే ఇంకో వారం ఉండేది. ఇంకో నెల ఉండేది. చీటీలో నా నంబరు లేకపోతే ఎప్పటికీ ఉండేది.

అంతా అయిపోయిందని మైకు కింద పెట్టబోయాను. సందులోంచి ముగ్గురు నలుగురు కొత్తగా వచ్చి చేరారు, చేలోంచి వస్తున్నట్టున్నారు, కాళ్లకు మట్టి ఉంది. వాళ్లలో ఒకడు ఏమైంది, ఏమైంది అని పక్కవాళ్లను అడుగుతున్నాడు.

చెంగమ్మ అరుగు దిగి వచ్చింది. నా చేతిలోంచి కిందికి జారుతున్న మైకును పట్టుకుని మళ్లీ నా నోటి దగ్గర పెట్టింది. ఆమె కళ్లలో నా మీద జాలి లేదు, ఉండాలని నేను అనుకోలేదు కూడా.

"రమణ ఇప్పుడే వచ్చినాడు. తాగి పడుకొన్యాడని ఊరికంతా మొదట సెప్పింది ఆయప్పే," అంది. "మొదట్నుంచి సదువు."

మొదటినుంచి చదివాను.